దీపం తనవైపు తిప్పుకున్న రాత్రి: గాంధీ తప్పులు, నాయకత్వం, తనను తాను తెలుసుకోవడం

1930 మార్చి 29. దండి యాత్ర మొదలై పద్దెనిమిదో రోజు. గుజరాత్‌లో సూరత్ ప్రాంతంలోని భట్గాం అనే చిన్న ఊళ్లో సభ. ఉప్పు పన్ను గురించి, తెల్లదొరల పాలన గురించి వినడానికి జనం వచ్చారు. గాంధీ మాత్రం ఆ రోజు తన గురించీ, తన వెంట నడుస్తున్నవాళ్ల గురించీ మాట్లాడారు.

జరిగిందేమిటంటే, యాత్రలో ఉన్నవాళ్ల కోసం సూరత్ నుంచి పాలు తెప్పిస్తున్నారు. కూరగాయలు మోటారు లారీలో వస్తున్నాయి. చీకట్లో నడవడానికి పెద్ద కిట్సన్ లైటు ఒకటి ఏర్పాటు చేశారు. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపులకు వాడిన పెట్రోమాక్స్ లైటు లాంటిదే, ఇంకా బరువైనది. వెలుగుతున్న ఆ దీపాన్ని చిన్న పీట మీద పెట్టి ఒక కూలీ తలకెత్తారు. త్వరగా నడవమని అతన్ని తొందరపెడుతున్నారు. ఆ దృశ్యం చూడలేక గాంధీ జోరు పెంచి అందరినీ దాటుకుని ముందుకు వెళ్లిపోయారు. లాభం లేకపోయింది. దీపం మోస్తున్న మనిషిని ఆయన వెనకాలే పరుగెత్తించారు.

అప్పటికి నెల కూడా కాలేదు, వైస్రాయి ఇర్విన్‌కు గాంధీ ఉత్తరం రాసి. వైస్రాయి జీతం రోజుకు ఏడు వందల రూపాయలకు పైమాటేననీ, సగటు భారతీయుడి రాబడి రోజుకు రెండణాలు కూడా లేదనీ, అంటే ఐదు వేల రెట్లకు పైగా తేడా ఉందనీ ఆ ఉత్తరంలో లెక్క కట్టి చూపించారు. ఇప్పుడు భట్గాంలో అదే లెక్కను తన మీదికి తిప్పుకున్నారు. ఆకలితో, బట్టలేక, పని లేక ఉన్నవాళ్ల పేరు చెప్పి నడుస్తూ మనం ఇంత ఖర్చు పెట్టిస్తుంటే, వైస్రాయి జీతం గురించి మాట్లాడే హక్కు మనకెక్కడిది అని అడిగారు. తప్పు తనతో ఉన్నవాళ్లదని చెప్పి తప్పుకోలేదు. నడిపిస్తున్నది తనే కాబట్టి బాధ్యత తనదే అన్నారు.

యాత్ర బ్రహ్మాండంగా సాగుతోంది. ఊరూరా జనం వస్తున్నారు, విదేశీ పత్రికలు రాస్తున్నాయి. అంతా బాగున్నప్పుడు ఆగి, ఏం తప్పు చేస్తున్నామని చూసుకోవడం చాలా కష్టం. ఓడిపోయినప్పుడు ఆత్మపరిశీలన ఎవరైనా చేస్తారు, చేయక తప్పదు కాబట్టి. గెలుస్తున్నప్పుడు చేసుకోవడంలోనే నాయకుడి సంగతి బయటపడుతుంది.

తెలుగులో ఇప్పుడు వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే క్లాసులు, వీడియోలు చాలామటుకు ఒకే పాఠం చెబుతాయి: ఆత్మవిశ్వాసం పెంచుకో, భయం లేకుండా మాట్లాడు, నీ బలాలు తెలుసుకో. వీటివల్ల ఉపయోగం లేదనలేం. ఇంటర్వ్యూ గదిలో టెన్షన్‌తో చేతులు చల్లబడే కుర్రాడికి అవి అవసరమే. కానీ నలుగురిని నడిపించేవాడికి అక్కడితో సరిపోదు. తనను తాను తెలుసుకోవడంలో రెండు పొరలున్నాయి. తన లోపల ఏముందో తెలుసుకోవడం ఒకటి: భయం, పంతం, అహం, బలహీనత. తన మాట, తన పని ఎదుటివాళ్ల మీద ఎంత బరువుగా పడుతోందో తెలుసుకోవడం రెండోది. మొదటిదాన్ని గదిలో ఒంటరిగా కూర్చుని కొంతవరకు సాధించవచ్చు. రెండోది మాత్రం ఎదుటివాళ్లను చూస్తేనే తెలుస్తుంది. గాంధీ జీవితం ఈ రెండింటికీ మంచి ఉదాహరణ. ఆయన ఎప్పుడూ సరిగ్గా చేశారని కాదు. చేసిన తప్పులను ఆయనే రాసిపెట్టారు కాబట్టి, మనిషి ఎక్కడ మారాడో, ఎక్కడ మారలేకపోయాడో మనం వెతుక్కోవచ్చు.

మొదటి పొర ఆయనకు తొందరగానే పట్టుబడింది. లండన్‌లో బారిస్టరు చదువు పూర్తి చేసి వచ్చిన కుర్రాడు బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తన మొదటి కేసు కోసం లేచి నిలబడ్డాడు. ఫీజు ముప్ఫై రూపాయలు. సాక్షిని ప్రశ్నించాలి. తల తిరిగింది, కోర్టు మొత్తం తిరుగుతున్నట్టు అనిపించింది, నోట మాట రాలేదు. కూర్చుండిపోయి, తన వల్ల కాదని, ఫీజు వెనక్కి తీసుకుని వేరే వకీలును పెట్టుకోమని చెప్పి బయటపడ్డాడు. ఆ బిడియాన్ని ఆయన తర్వాత దాచుకోలేదు, ఒక్క దెబ్బతో జయించానని చెప్పుకోనూ లేదు. మాట తడబడడం వల్లే పొదుపుగా మాట్లాడడం అలవాటైందని ఆత్మకథలో రాసుకున్నారు. తనలో ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకుని, దానితో ఏం చేయవచ్చో చూసుకున్నారన్నమాట.

రెండో పొర ఇంట్లోనే ఎదురు తగిలింది, అదీ చాలా కటువుగా. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఆయన ఇంట్లో గుమస్తాలు కూడా ఉండేవారు. గదుల్లో మూత్రపు కుండలుండేవి. వాటిని ఇంటివాళ్లే శుభ్రం చేయాలన్నది గాంధీ నియమం. పంచమ కులంలో పుట్టి క్రైస్తవుడైన ఒక గుమస్తా కుండ ఎత్తాల్సి వచ్చినప్పుడు కస్తూర్బా ఏడుస్తూ ఎత్తారు. గాంధీకి అది చాలలేదు. నవ్వుతూ చేయాలన్నారు. మాటా మాటా పెరిగి, భార్య చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లి, బయటికి తోసేయడానికి గేటు తెరవబోయారు. మీకు సిగ్గు లేదా, ఈ దేశంలో నాకెవరున్నారు, ఎక్కడికి పోను, నలుగురూ చూడకముందే ఆ గేటు వేయండి అని కస్తూర్బా ఏడుస్తూ నిలదీశారు. గేటు వేసేశారాయన.

అంటరానితనం తప్పన్న ఆయన ఆశయం సరైనదే. ఆ ఆశయం కోసం ఎదుటి మనిషిని ఏం చేస్తున్నాడన్నది మాత్రం ఆ క్షణంలో ఆయనకు కనిపించలేదు. కస్తూర్బా అడిగాకే కనిపించింది. తనను తాను ఆమెకు గురువుననుకున్నాననీ, ఆ గుడ్డి ప్రేమతోనే ఆమెను వేధించాననీ చాలా ఏళ్ల తర్వాత ఆయనే రాశారు. మంచి ఉద్దేశం ఉన్న నాయకుడికి ఇక్కడే పెద్ద ప్రమాదం. నా ఉద్దేశం మంచిదే కదా అన్న నమ్మకం, ఎదుటివాడి ముఖం చూడనివ్వదు.

ఇంట్లో జరిగింది 1919లో దేశం మొత్తంమీద జరిగింది. విచారణ లేకుండా జైల్లో పెట్టే అధికారాన్ని సర్కారుకిచ్చిన రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా ఏప్రిల్ 6న హర్తాళ్‌కు పిలుపిచ్చారు. దేశం కదిలింది. ఢిల్లీ వెళ్తున్న గాంధీని దారిలో అరెస్టు చేసి బొంబాయి తిప్పి పంపారు. ఆ వార్త విని అహ్మదాబాద్‌లో జనం రెచ్చిపోయారు, ఇళ్లు తగలబెట్టారు, మనుషులు చనిపోయారు. ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్ మారణకాండ. గాంధీ మూడు రోజులు ఉపవాసం చేసి, ఏప్రిల్ 18న సత్యాగ్రహాన్ని నిలిపివేశారు. తర్వాత నడియాద్ సభలో, తాను హిమాలయమంత తప్పు చేశానని ఒప్పుకున్నారు.

ఈ 'హిమాలయమంత తప్పు' మాట అందరికీ తెలుసు. అసలు ఏది తప్పని ఆయన అన్నారో మాత్రం తక్కువమంది పట్టించుకుంటారు. జనం హింసకు దిగడం జనం తప్పు అని ఆయన అక్కడ ఆగిపోలేదు. చట్టాన్ని భయంతో కాకుండా ఇష్టపూర్వకంగా పాటించడం అలవాటైనవాడికే, అన్యాయమైన చట్టాన్ని ధిక్కరించే అర్హత వస్తుంది. ఆ అలవాటు జనానికి ఇంకా రాలేదు. రాకముందే నేను పిలుపిచ్చాను. నా తప్పు అదీ అన్నారు. ఇందులో పశ్చాత్తాపంతో పాటు ఒక నిర్ధారణ కూడా ఉంది. సారీ చెప్పడం ఎవరికైనా వచ్చు. ప్లాన్‌లో ఏ అడుగు ముందే వేసేశామో కనిపెట్టి చెప్పడం వేరు. అలా కనిపెడితేనే మళ్లీ సరిదిద్దుకోవడానికి ఏదో ఒకటి చేతికి దొరుకుతుంది.

అయినా మూడేళ్లకే మళ్లీ అదే పరిస్థితి. ఈసారి కథలో మన గుంటూరు జిల్లా కూడా ఉంది.

1921లో సహాయ నిరాకరణ ఉద్ధృతంగా సాగింది. నవంబరు మొదట్లో ఢిల్లీలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ), శాసనోల్లంఘన మొదలుపెట్టుకునే అధికారాన్ని రాష్ట్ర కాంగ్రెస్‌లకు ఇస్తూ కొన్ని షరతులు పెట్టింది. పాల్గొనేవాడికి నూలు వడకడం రావాలి, ఖద్దరు కట్టాలి, హిందూ ముస్లిం ఐక్యతను నమ్మాలి, హిందువైతే అంటరానితనాన్ని నడవడికలో వదిలేయాలి, అహింస పాటించాలి. 1919 తప్పు నుంచి పుట్టిన షరతులివి. అదే నెల 17న ప్రిన్స్ ఆఫ్ వేల్స్ బొంబాయిలో దిగినప్పుడు అల్లర్లు జరిగాయి. గాంధీ మళ్లీ ఉపవాసం చేశారు. హెచ్చరిక అందింది కానీ ఉద్యమం ఆగలేదు. సూరత్ జిల్లా బార్డోలీ తాలూకాలో, 87,000 జనాభాలో, ఆయన స్వయంగా దగ్గరుండి పన్నుల నిరాకరణ మొదలుపెట్టాలనుకున్నారు.

ఆ సమయానికి గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతం ఆయన కంటే ముందుకు పరుగెత్తింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టడం మానేశారు. గ్రామాధికారులు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు. శాంతిసేన పేరుతో వలంటీర్లు నిలబడ్డారు. గాంధీకి ఇది గర్వకారణమూ అయింది, దిగులూ పుట్టించింది. ఢిల్లీ షరతులన్నీ నిజంగా నెరవేరాయా, నెరవేరకపోతే ఆగండి అని ఆంధ్ర కాంగ్రెస్ నాయకుడు కొండా వెంకటప్పయ్యకు రాశారు. అక్కడి రైతులకు ఆ ఉత్తరం ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. భూమి జప్తుకు సిద్ధపడి నిలబడ్డవాడిని, రాట్నం తిప్పడం వచ్చా అని అడిగినట్టు ఉంటుంది. కానీ 1919 తర్వాత గాంధీ దగ్గర వేరే కొలబద్ద లేదు. జనం ధైర్యం ఆయనకు కనిపిస్తూనే ఉంది. ఆ ధైర్యం ఎంత దెబ్బ దాకా ఓర్చుకుంటుందన్నదే తెలియదు.

1922 ఫిబ్రవరి 1న వైస్రాయి రీడింగ్‌కు హెచ్చరిక పంపారు. ఫిబ్రవరి 4న గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో పోలీసులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. రెచ్చిపోయిన జనం పోలీసు ఠాణాకు నిప్పు పెట్టారు. 22 మంది పోలీసులు చనిపోయారు. వారం తిరిగేసరికి బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం కూర్చుని, దేశమంతటా శాసనోల్లంఘనను ఆపేసింది. గాంధీ ఐదు రోజుల ఉపవాసం మొదలుపెట్టారు. పెదనందిపాడులోనూ ఉద్యమం ముగిసిపోయింది.

ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు తన మనసులో ఏం జరిగిందో గాంధీ తన పత్రికలో రాశారు. నాయకత్వం గురించి ఆలోచించేవాళ్లు శ్రద్ధగా చదవాల్సిన భాగమిది. వైస్రాయికి అంత గట్టిగా రాశావు కదా, ఇప్పుడు వెనక్కి తగ్గితే నవ్వరా అని సైతాను గొంతు తనను అడిగిందట. అవమానపు చేదును గుటక వేయాల్సి వచ్చిందన్నారు. రాజకీయంగా ఇది తెలివితక్కువ పనేమో కానీ ధర్మం దృష్టితో సరైనదన్నారు. పరువు పోతుందన్న భయం ప్రతి నాయకుడి నిర్ణయంలోనూ ఉంటుంది. ఆఫీసులో ఒక ప్రాజెక్టు కుదరదని తెలిశాక కూడా ఆరు నెలలు లాగడం వెనక తరచుగా ఉండేది ఆ భయమే. 'కార్యకర్తల ఉత్సాహం దెబ్బతింటుంది', 'క్లయింటు ఏమనుకుంటాడో' అంటూ అది వేరే పేర్లతో మాట్లాడుతుంది. గాంధీ దాన్ని దాని పేరుతోనే పిలిచారు. పిలిచాక దాని మాట వినక్కర్లేదని తేల్చుకోగలిగారు.

ఆయన నిర్ణయం సరైనదేనా అంటే, ఆ రోజుల్లోనే చాలామంది కాదన్నారు. లక్నో జైల్లో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూకు కోపం వచ్చింది. మోతీలాల్, లాలా లజపతిరాయ్, చిత్తరంజన్ దాస్ అసంతృప్తి పడ్డారు. ఎక్కడో ఒక మూల జరిగిన దానికి దేశం మొత్తాన్ని ఆపేస్తారా అన్నది వాళ్ల ప్రశ్న, అందులో న్యాయం ఉంది. పెదనందిపాడు రైతు ఒక్క రాయి కూడా విసరలేదు. అయినా మూల్యం అతనూ కట్టాడు. నాయకుడి ఆత్మపరిశీలన ఖర్చు నాయకుడు ఒక్కడే భరించడని ఇక్కడ తెలుస్తుంది. చౌరీచౌరా ఒక్కటే కారణం కాదని, లోలోపల ఉద్యమమే హింసవైపు జారుతోందని, ఆపకపోయి ఉంటే చివరికి అహింసా పోరాటం మిగిలేది కాదని నెహ్రూకు గాంధీ సమాధానం రాశారు. మార్చి 18న అహ్మదాబాద్ కోర్టులో తన మీద మోపిన బాధ్యతను కాదనలేదు. శిక్ష ఆరేళ్లు.

1922 తప్పు నుంచి ఆయన ఏం నేర్చుకున్నారో 1930లో కనిపిస్తుంది. ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టే ముందు రెండు మార్పులు చేశారు. మొదటిది, ఈసారి దేశమంతటికీ ఒకేసారి పిలుపివ్వకుండా, ఏళ్ల తరబడి ఆశ్రమ క్రమశిక్షణలో ఉన్న 78 మందితో తనే మొదలుపెట్టారు. రెండోది ఇంకా ముఖ్యం. ఒకసారి మొదలయ్యాక, ఎక్కడో హింస జరిగిందని ఆపేది లేదు అన్నారు. 1922లో సరైనదనుకున్న దానికి ఇది దాదాపు తిరుగుముఖం. అప్పట్లో తాను ఆపింది తప్పని ఆయన అనలేదు. కానీ ప్రతి దుర్ఘటనకూ మొత్తం ఉద్యమం ఆగిపోయేలా కడితే, దాని తాళం ఎవడో ఒక అపరిచితుడి చేతిలో పెట్టినట్టేనని అర్థం చేసుకున్నారు. విమర్శించినవాళ్ల మాట ఎనిమిదేళ్ల తర్వాత ఆయన ప్లాన్‌లో చేరిందన్నమాట.

ఏప్రిల్ 18న బెంగాల్‌లో చిట్టగాంగ్ ఆయుధాగారం మీద విప్లవకారుల దాడి జరిగింది, ఉద్యమం ఆగలేదు. మే నెల మొదట్లో గాంధీని అరెస్టు చేశారు, అయినా ఆగలేదు. మే 21న ధరాసనా ఉప్పు కొఠారుల దగ్గర సరోజినీ నాయుడు నాయకత్వంలో వాలంటీర్లు వరసలు కట్టి ముందుకు నడిచారు. లాఠీలు తలల మీద పడుతుంటే చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. గాంధీ అక్కడ లేరు. నాయకుడు జైల్లో ఉన్నా క్రమశిక్షణ నిలబడిందంటే, 1919లో లేదని ఆయన అన్న ఆ అలవాటును కొంతమందిలోనైనా పెంచారన్నమాట. నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించారు. ఇలాంటి ఆశ్రమాలను మనం ప్రార్థనా స్థలాల్లా గుర్తుపెట్టుకున్నాం కానీ, అవి అసలు శిక్షణ కేంద్రాలు. చీపురు పట్టడం, రాట్నం తిప్పడం, చెప్పిన టైముకు లేవడం, కులం చూడకుండా పక్కన కూర్చుని తినడం. వ్యక్తిగత ఎదుగుదల అంటే ఆ రోజుల్లో ఇదీ. ఇందులో రోజూ చేయాల్సిన పని ఎక్కువ, ప్రసంగం తక్కువ.

ఇక్కడితో ఆపితే ఇది భక్తి వ్యాసం అవుతుంది. ఆపకూడదు, ఎందుకంటే ఇన్నేళ్ల సాధన తర్వాత కూడా ఆయనకు రెండో పొర ఒకసారి మసకబారింది. ఆ సందర్భంలో మధ్యలో ఉన్నది మన తెలుగువాడే.

1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక. సుభాష్ చంద్రబోస్ రెండోసారి పోటీ చేశారు. గాంధీ వర్గం తరఫున భోగరాజు పట్టాభి సీతారామయ్య నిలబడ్డారు. బోస్‌కు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377. మర్నాడో, ఆ మర్నాడో రావాల్సిన అభినందన స్థానంలో గాంధీ ప్రకటన వచ్చింది. పట్టాభిని పోటీ నుంచి తప్పుకోవద్దన్నది తానే కాబట్టి, ఈ ఓటమి ఆయనకంటే తనకే ఎక్కువ అన్నారు. బోస్ ఏమీ దేశానికి శత్రువు కాదు కదా అని కూడా అన్నారు.

ఒక కోణంలో చూస్తే ఇందులో నిజాయితీ ఉంది. మనసులో ఉన్నది దాచుకోలేదు. లోపల బాధ ఉందని ఒప్పుకున్నారు. మొదటి పొర బాగానే పనిచేసింది. ఆ మాట దేశంలో ఎంత బరువుతో పడుతుందన్నది మాత్రం లెక్కలోకి రాలేదు. అప్పటికి గాంధీ కాంగ్రెస్‌లో నాలుగణాల చందా కట్టే మామూలు సభ్యుడు కూడా కాదు, 1934లోనే తప్పుకున్నారు. పదవి లేదు కాబట్టి తన మాట ఒక మనిషి సొంత అభిప్రాయమే అనుకుని ఉండవచ్చు. దేశం అలా వినలేదు. బోస్‌కు ఓటేసిన ప్రతినిధి ఒక్కసారిగా గాంధీకి వ్యతిరేకంగా ఓటేసినవాడయ్యాడు. ఫిబ్రవరిలో కార్యవర్గ సభ్యుల్లో ఎక్కువమంది రాజీనామా చేశారు. మార్చిలో త్రిపురి కాంగ్రెస్, గాంధీ ఇష్టప్రకారమే కార్యవర్గాన్ని వేయాలని గోవింద్ వల్లభ్ పంత్ తెచ్చిన తీర్మానాన్ని ఆమోదించింది. ఏప్రిల్ 29న బోస్ అధ్యక్ష పదవి వదిలేశారు.

నేను ఓపెన్‌గా మాట్లాడతాను, మనసులో ఏదీ పెట్టుకోను అని గర్వంగా చెప్పుకునే మేనేజర్లు, హెడ్మాస్టర్లు, సర్పంచులు మనకు చాలామంది కనిపిస్తారు. వాళ్లలో చాలామంది అబద్ధం చెప్పరు. కానీ పైన కూర్చున్నవాడి 'ఓపెన్' మాట, కింద ఉన్నవాడికి ఆజ్ఞలానో శిక్షలానో చేరుతుంది. పెద్దాయన ఒక్క మాటన్నాడని నెలల తరబడి నిద్రపట్టనివాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆ పెద్దాయనకు తానన్నదే గుర్తుండదు. భట్గాం దారిలో దీపం మోస్తున్న మనిషి అరుపు దూరంలోనే ఉన్నాడు, అతని ఆయాసం వినిపించింది. కస్తూర్బా గేటు దగ్గర నిలబడి ఎదురడిగారు. 1939 నాటికి గాంధీకి ఎదురుగా నిలబడి, బాపూ, ఈ ప్రకటన ఇవ్వకండి అనగలిగినవాళ్లు చుట్టూ తగ్గిపోయారు. పేరు పెరిగేకొద్దీ నాయకుడికి ఈ లోటు వస్తుంది. ఉపవాసాలూ మౌనవ్రతాలూ దాన్ని పూడ్చలేవు.

ఆ ప్రకటనలో గాయపడింది బోస్ అని అందరూ అంటారు. ఇంకొకాయన కూడా ఉన్నారు. మచిలీపట్నంలో డాక్టరుగా ప్రాక్టీసు చేసి, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించి, ఆంధ్ర రాష్ట్రం కోసం దశాబ్దాలు వాదించి, 1935లో కాంగ్రెస్ చరిత్ర రాసిన పట్టాభి సీతారామయ్యకు 1,377 మంది ఓటేశారు. ఆ ఓటమిని గాంధీ తనదిగా చేసుకోవడంతో ఆ ఓట్లు కూడా ఆయనవి కాకుండా పోయాయి. ఇప్పటికీ తెలుగునేల బయట చాలామందికి పట్టాభి పేరు ఆ ఒక్క వాక్యం వల్లే తెలుసు. 1948లో జైపూర్ కాంగ్రెస్‌కు ఆయన అధ్యక్షుడయ్యారు. అప్పటికి గాంధీ లేరు.